ఒక్క పిన్నుకు వేలాడిన నక్షా

డ్రాఫ్టింగులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను ఎక్కువగా కమాండ్ల గురించే అడుగుతారు. ఏ బటను నొక్కితే ఏమవుతుందో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒకటే. తెర మీద బొమ్మ సరిగ్గా కూర్చున్నట్టు కనబడితే వెంటనే నమ్మకండి. దాన్ని ఎక్కడ పట్టుకుని కూర్చోబెట్టారో ఆ చోటుకు అన్నిటికంటే దూరంగా ఉన్న మూలకు వెళ్లి చూడండి. ఇంత చిన్న మాటను ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే కొండాపూర్ మండలంలో ఒక ఊరి సమాధుల తోట సంగతి చెప్పాలి.

నేను పటాన్‌చెరులో ఒక సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ట్రేసింగు కాగితం మీద ఇంకుతో గీతలు గీసిన కాలం నుంచి డ్రోను తీసిన ఫోటోల మీద గీతలు గీసే కాలం దాకా అదే పని. మాకు పని ఇచ్చేవి ఫ్యాక్టరీలే. కొత్త షెడ్డు, పైపులైను, ప్రహరీ గోడ, ఏది కట్టాలన్నా ముందు జాగా నక్షా కావాలి. పటాన్‌చెరు, బొల్లారం, గుమ్మడిదల, ఇంద్రేశం. ఈ ఊళ్ల సర్వే నంబర్లు కొన్ని ఇప్పటికీ నోటికి వస్తాయి. ఇవన్నీ సంగారెడ్డికి తూర్పున ఉన్నాయన్న సంగతి మాకెప్పుడూ అవసరం పడలేదు.

పని ఇలా సాగుతుంది. డ్రోను వాళ్లు జాగా మీద ఎగిరి ఫోటోలు తీసి, వాటన్నిటినీ కలిపి ఒక పెద్ద చిత్రంగా ఇస్తారు. ఆ చిత్రం భూమి మీద ఎక్కడిదో చెప్పే అంకెలు దానితోనే వస్తాయి. డ్రాయింగులోకి తేగానే ఆ అంకెల ప్రకారం అది తన చోట తాను వచ్చి కూర్చోవాలి. దాని మీద పాత గ్రామ నక్షాను స్కాన్ చేసి పరుస్తాం. రోడ్డు రోడ్డు మీద, గట్టు గట్టు మీద పడేట్టు సర్ది, సర్వే నంబరు హద్దు గీస్తాం. ఆ హద్దు మూలల అంకెలను ఫీల్డు వాళ్లు శాటిలైటు మిషన్లో వేసుకుని నేల మీద మేకులు కొడతారు. మేకుల వెంట గోడ లేస్తుంది.

ఒక కంపెనీ సంగారెడ్డి దాటి, కొండాపూర్ మండలం పడమటి అంచున జాగా కొన్నది. అటువైపు మాకదే మొదటి పని. చలికాలంలో డ్రోను ఎగిరింది. డ్రాయింగు మా ఆఫీసులో ఒక ఇంజనీరు అమ్మాయి చేసింది. చేతి వేగం ఉన్న పిల్ల, పని దాచుకునే రకం కాదు. వేసవి మొదట్లో మేకులు కొట్టారు. గోడకు పునాది తవ్వడమే మిగిలింది.

అప్పుడు కంపెనీ మేనేజరు మా ఆఫీసుకు వచ్చాడు. వేరే జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న మనిషి. మర్యాదగానే మాట్లాడాడు.

"పెద్దాయనా, మీరు ఒక్క ప్రింటు ఇస్తే చాలు. మీ మేకుల ప్రకారం మా జాగాలో ఒక వరుస సమాధులున్నాయి. మీ డ్రోను ఫోటోలో అక్కడ ఏమీ లేదు. అంటే మేం కొన్నాక తెచ్చి పెట్టారు. ఫోటో చూపిస్తే వాళ్లే తీసేస్తారు."

"తెచ్చిపెట్టిండ్రా సార్? సమాధులా?"

"పైన మట్టి కుప్ప పోసి సున్నం వేస్తే సమాధే కదా. నేను స్వయంగా చూశాను. తెల్లగా మెరుస్తున్నాయి. అంతా కొత్త సున్నం."

"ఈస్టర్ అయి ఎన్ని దినాలైంది సార్?"

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

ఈస్టర్‌కు ముందు మేం సమాధుల తోటకు వెళ్లి గడ్డి పీకి, రాళ్లు సర్ది, సున్నం వేస్తాం. పండుగ నాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికే వెళ్తాం. వానాకాలంలో సున్నం కడుక్కుపోతుంది, చలికాలానికి గడ్డి కప్పేస్తుంది. ఎంత పాత సమాధి అయినా ఈస్టర్ తర్వాత కొన్నాళ్లు కొత్తదిగానే కనిపిస్తుంది. ఇదంతా ఆయనకు చెప్పాను.

"మా ఆవిడ సమాధికి నేను గూడ మొన్ననే సున్నమేసిన సార్. ఆమె పోయి మూడేండ్లయింది. మీరొచ్చి చూస్తే నిన్న పోయిందంటరు" అన్నాను.

ఆయన ఒక క్షణం తల దించుకున్నాడు. "సారీ అండీ. కానీ మీ సంగతి వేరు" అన్నాడు. వాళ్ల సంగతి ఎలా వేరో చెప్పలేదు. ప్రింటు మాత్రం వారంలోగా కావాలన్నాడు.

ఆయన వెళ్లాక ఇంజనీరు అమ్మాయి పక్కన కూర్చుని చిత్రం తెరిపించాను. ముందు వరుసల్లో సిమెంటు సమాధులు బూడిద రంగు పెట్టెల్లా కనబడుతున్నాయి. వాటి వెనక అంతా గడ్డి. ఇంకా దగ్గరికి తెమ్మన్నాను. గడ్డిలో అక్కడక్కడా పొడవుగా నల్లటి గీతలున్నాయి. ఒక్కో గీతకు చివర అడ్డంగా ఇంకో చిన్న గీత.

"ఇవేంది సార్?"

"నీడలు బేటా. పొద్దున పూట ఎగిరిండ్రు కదా. కట్టె సిలువను మీద నుంచి చూస్తే పుల్ల లెక్క కనవడతది. నీడ పడితెనే సిలువని తెలుస్తది."

వరుసగా ఆరు నీడలున్నాయి. ఆ వరుస చలికాలంలోనే ఉంది. మేనేజరు మాట అక్కడికి తేలిపోయింది. కానీ ఇంకొకటి మొదలైంది. తెర మీద ఆ నీడలకూ కంపెనీ హద్దు గీతకూ మధ్య బండ్ల బాట ఉంది, ముళ్లపొదలున్న ఖాళీ జాగా కూడా ఉంది. తెర మీద సమాధులు హద్దుకు బయట ఉన్నాయి. నేల మీద హద్దుకు లోపల ఉన్నాయి. సమాధులు కదలవు. కదిలింది మా గీతే అయ్యుండాలి.

మర్నాడు ఇద్దరం ఊరికి వెళ్లాం. ఊరి చర్చి సంఘ పెద్ద ఎదురొచ్చి వందనాలు చెప్పి తోటలోకి తీసుకువెళ్లాడు. చివరి వరుసలో ఒక మట్టి సమాధి పక్కన డెబ్బై దాటిన ముసలామె కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఎవలు మీరు? కంపెనోళ్లా?"

"కొలతలోళ్లం అక్కా."

"గీ మేకు కొట్టింది మీరేనా?"

"మా ఆఫీసోళ్లే."

"మంచిగ కొట్టిండ్రు తమ్మీ. సక్కగ మా ఆయన కాళ్ల కాడ కొట్టిండ్రు. బతికున్నప్పుడు గూడ గాయన కాళ్లు మంచం బయటికే ఉంటుండె."

సంఘ పెద్దకు ఆ మాటలు నచ్చలేదు. "సారు, మేం కూసొని మాట్లాడుకున్నం. కంపెనీ తోట సుట్టు గోడ కట్టిస్తనన్నది, ఇనుప గేటు పెడ్తనన్నది. పందులు గిట్ల రాకుంట ఉంటది. గీ ఒక్క వరుస ఇటు జరుపుకుంటం. ఆరిండ్లోళ్లయే. అయిదిండ్లోళ్లు సరే అన్నరు."

"నీ అయ్యది ముందటి వరుస, సిమెంటుది. నువ్వు మంచిగనే మాట్లాడుకుంటవ్" అంది ఆమె.

"నీకు చెప్తే సమజ్ కాదు పెద్దమ్మా."

"సమజైంది. ఒకపారి పండవెట్టినంక లేపుడు మన పని గాదు, దేవుని పని. గది నువ్వే గద ఆదివారం నిలవడి చెప్పింది?"

కంపెనీ ఆ జాగా తనదని, ఊరి వాళ్లు దొంగ సమాధులు పెట్టారని అంటున్న సంగతి సంఘ పెద్దకు తెలుసు. పోలీసుల దాకా పోకుండా పరువుగా బయటపడాలని ఆయన ఆరాటం. తప్పుపట్టలేను. మేకు మిషన్ కొట్టించింది, మిషన్ తప్పు చెప్పదు అని అందరూ నమ్మారు. ఆమె ఒక్కతే మేకుతో వాదన పెట్టుకోలేదు. లేపనని మాత్రం అంటోంది.

నేను మేకుల వరుస మొదట నిలబడి చూశాను. సమాధుల వరుసలు ఒకే వాలులో ఉన్నాయి. బండ్ల బాట అదే వాలు. పక్క చేను గట్టు అదే వాలు. మేకులు మాత్రం వాటన్నిటినీ ఏటవాలుగా కోస్తూ పోతున్నాయి. రోడ్డు మూల దగ్గర మేకు సరిగ్గా గట్టు మీదే ఉంది. తోట దగ్గరికి వచ్చేసరికి ఒక లారీ, దాని వెనక ఒక ట్రాక్టరు నిలబడేంత తేడా.

"సార్, మేకులు నేనిచ్చిన పాయింట్ల మీదనే ఉన్నయి. మిషన్‌తోని మల్ల చెక్ చేసిన" అంది అమ్మాయి.

"అయితే పాయింట్లల్లనే ఉన్నది కిరికిరి."

"కానీ తెర మీద అన్నీ కలిసినయి కద సార్. నక్షా, ఫోటో, రోడ్డు, గట్లు, అన్నీ."

"ఒకదానితోని ఒకటి కలిసినయి. నేలతోని కలిసినయా?"

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పక తప్పదు. తప్పు అన్నిచోట్లా ఒకే కొలతలో ఉంటే బొమ్మ పక్కకు జరిగిందని అర్థం. ఒకచోట సున్నా ఉండి, దూరం పోయేకొద్దీ పెరుగుతుంటే బొమ్మ తిరిగిందని అర్థం. పాత రోజుల్లో కాగితాన్ని బోర్డుకు నాలుగు మూలలా పిన్నులు గుచ్చి బిగించేవాళ్లం. తొందరలో ఒక్క పిన్ను గుచ్చి వదిలేస్తే, ఆ పిన్ను దగ్గర కాగితం కదలదు. అవతలి అంచు మాత్రం చెయ్యి తగిలినప్పుడల్లా ఊగుతుంది. ఇప్పుడు బోర్డులు లేవు కానీ ఒక్క పిన్ను అలవాటు పోలేదు.

ఆఫీసుకు వచ్చి అడిగాను. "ఫోటోను ఫస్ట్ డ్రాయింగులకు తెచ్చినప్పుడు ఏడ పడ్డది?"

"చాన దూరం పడ్డది సార్. తెర మీద కనవడనే లేదు. డ్రోనోళ్ల ఫైలే ఖరాబున్నదనుకున్న. పట్టి గుంజుకొచ్చి రోడ్డు మూల మీద పెట్టిన. అక్కడ మిషన్‌తోని తీసిన పాయింటు ఒకటుండె."

"ఒక్కటేనా?"

"ఒక్కటే సార్."

డ్రోను వాళ్ల ఫైలు ఖరాబు కాలేదు. భూమి గుండ్రంగా ఉంటుంది, నక్షా చదునుగా ఉంటుంది. అందుకని భూమిని నిలువు పట్టీలుగా కోసి ఒక్కో పట్టీకి వేరే లెక్క కడతారు. మేం వాటిని జోన్లంటాం. రెండు జోన్లు కలిసే గీత సంగారెడ్డికి కొంచెం పడమరగా, మన జిల్లా మీదుగానే పోతుంది. నేల మీద దానికి ఏ గుర్తూ లేదు. ఇవతలి చేనూ అవతలి చేనూ ఒకే కాలువ కింద పారతాయి. కానీ అంకెల్లో చూస్తే అవి రెండు వేరే దేశాలు. మా పని ఎప్పుడూ గీతకు తూర్పున సాగింది. అందుకే ఆఫీసులో అందరం వాడే ఖాళీ డ్రాయింగు ఫైలులో తూర్పు జోన్ ఒక్కటే స్థిరపడిపోయి ఉంది. ఈ ఊరు గీతకు పడమర పడింది. డ్రోను సాఫ్ట్‌వేర్ తనంతట తాను పడమటి జోన్ ఎంచుకుంది. దాని ఉత్తరం దిక్కూ మన డ్రాయింగు ఉత్తరం దిక్కూ ఒకటి కావు. వాటి మధ్య కొద్దిపాటి వంపు ఉంటుంది. చిత్రాన్ని చేత్తో లాక్కొచ్చి ఒక్క మూల దగ్గర గుచ్చితే చోటు కుదురుతుంది కానీ వంపు అలాగే ఉంటుంది. ఆ వంకర చిత్రం మీద నక్షాను సర్దితే నక్షా కూడా అంతే వంకరగా కూర్చుంటుంది. తెర మీద గొడవ లేదు, రెండూ కలిసే తిరిగాయి. నేల ఒక్కటే తిరగలేదు.

చెబుతుంటే అమ్మాయి ముఖం ఎర్రబడింది. "నా పేరే చెప్పుర్రి సార్, నాదే తప్పు" అంది.

"పేర్లు తర్వాత చెప్పుకుందాం. ఆ ఖాళీ ఫైలు మనమందరం వాడుతున్నం. నీకంటే ముందు ఎవలు అటు పోయినా గదే చేద్దురు. ముందు చిత్రాన్ని దాని జోన్‌లనే తెరిచి, మన జోన్‌లకు మార్పించు. చేత్తో మాత్రం ముట్టకు."

మార్పించింది. ఈసారి చిత్రం ఎవరూ లాగకుండానే రోడ్డు మూల మీదికి వచ్చి పడింది. ఆమె ఊపిరి వదిలి అక్కడే చూస్తోంది. దాని మీద నక్షాను మళ్లీ పరిచి హద్దు గీయించాక, నేను తోట వైపు చివరి మూలకు తీసుకెళ్లమన్నాను. పాత హద్దూ కొత్త హద్దూ అక్కడ రెండు వేళ్లలా విడిపోయి ఉన్నాయి.

మేనేజరుకు ఫోన్ చేసి పునాది తవ్వొద్దన్నాను.

"ఎంత ష్యూర్‌గా ఉన్నారు?" అన్నాడు.

"పూర్తిగా ఉన్న సార్. రేపు సైటుకు రాండ్రి. ఇంకో మాట. జాగా మొత్తం తిరిగింది. తోట దిక్కు మీరెంత లోపటికి పోయిండ్రో, అవతలి దిక్కు మీ సొంత జాగా అంత బయటికి వదిలిపెడుతున్నరు. గోడ కట్టినంక మీ పెద్దసార్లు అడిగితే మీరు చెప్పుకోవాలె."

న్యాయం గురించి నేను చెప్పదలచుకున్న మాటలు ఇంకా కొన్ని ఉన్నాయి. అవి అవసరం పడలేదు. ఆయన మర్నాడు పొద్దున్నే మాకంటే ముందు అక్కడున్నాడు.

ఊరివాళ్లు కూడా వచ్చారు. ముసలామె తన చోట తాను కూర్చుంది. అమ్మాయి శాటిలైటు మిషన్ కట్టిన కర్ర పట్టుకుని, సరిచేసిన మూల అంకెలు వేసుకుని నడిచింది. పాత మేకు దాటింది. సమాధుల వరుస దాటింది. బండ్ల బాట దాటింది. ముళ్లపొద ముందు ఆగి నా వైపు చూసింది.

"ఇంక లోపటున్నది సార్ పాయింటు."

"పొదలో ఏముంటుంది?" అన్నాడు మేనేజరు.

"పాత నక్షా సరైనదైతే హద్దు రాయి ఉండాలె" అన్నాను. ఉండకపోవచ్చు కూడా. ఈ చుట్టుపక్కల హద్దు రాళ్లు ఎన్ని ఇళ్లకు మెట్లయ్యాయో నాకు తెలుసు. కానీ రాయి లేకపోయినా నా లెక్క మారదు. ఆ మాట మనసులో ఉంచుకున్నాను.

కొడవలి తెచ్చింది సంఘ పెద్దే. రాయి దొరికితే తన గోడ, గేటు పోతాయని ఆయనకు అప్పటికే అర్థమైంది. అయినా కొమ్మలు కొట్టి పక్కకు లాగుతూ పోయాడు. చేతికి ముళ్లు గీరుకుని రక్తం వచ్చింది. ఒకచోట కొడవలి ఖంగుమంది. కాలితో మట్టి తోశాడు. నేలలో సగం కూరుకుపోయి, పైన గంటు పెట్టిన రాయి. అమ్మాయి కర్ర ఆనించింది. కర్ర మొనకూ గంటుకూ మధ్య జానెడు దూరం. ఆ నక్షా గీసిన కాలాన్ని తలచుకుంటే జానెడు చాలా తక్కువ.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేనేజరు రాయిని ఫోటో తీసుకున్నాడు. నేను ఆయన అడిగిన ప్రింటు చేతికిచ్చాను. ఆరు నీడల చుట్టూ ఎర్ర పెన్సిలుతో గుండ్రాలు చుట్టి ఉన్నాయి. ఆయన ఒకసారి కాగితం, ఒకసారి సమాధులు చూసి లెక్కపెట్టుకున్నాడు. దొంగ సమాధులన్న మాటను వెనక్కి తీసుకోలేదు. మళ్లీ అనలేదు కూడా. సంఘ పెద్ద దగ్గరికి వెళ్లి ఏదో మెల్లగా చెప్పి కారెక్కాడు. మా వాళ్లు పాత మేకులు పీకడం మొదలుపెట్టారు.

ముసలామె నన్ను పిలిచింది.

"ఇప్పుడు మా ఆయన ఎవలి జాగల ఉన్నడు తమ్మీ?"

"మీ జాగలనే ఉన్నడక్కా."

"ఎప్పటిసంది?"

"పండవెట్టిన కాడ్నించి."

"మరి గిన్ని దినాలు కంపెనీ జాగల ఉన్నడంటిరి?"

"గది కంప్యూటర్ల."

ఆమె సమాధి అంచున మట్టి సర్దింది. "బతికున్నప్పుడు కాంట్రాక్టు పని కోసం ఎన్ని కంపెనీల గేట్ల కాడ నిలవడ్డడో. వయసు మళ్లిందని ఒక్కలు లోపటికి రానియ్యలే. కంప్యూటర్లనన్న పోయిండు, పోనీ."

"గోడ పాయె, గేటు పాయె" అన్నాడు సంఘ పెద్ద, చేతికి గుడ్డ చుట్టుకుంటూ.

"గేటు నువ్వు వెట్టు, సున్నం నేనేస్త" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగింది. "నీ ఇంటామె గూడ పోయిందట గద. సున్నం ఎన్నిసార్లు ఏసినవ్?"

ఇంజనీరు అమ్మాయి చెప్పి ఉంటుంది. "ఒక్కసారే అక్కా."

"ఒక్కసారి ఏస్తే ఏమైతది? ఒక్క వానకు పోతది. రెండుసార్లు ఏయాలె. ఒకటి ఆరినంక ఒకటి."

అలాగే అన్నాను.

ఆ వారమే మా ఆఫీసులో ఖాళీ ఫైళ్లు రెండు చేశాం, తూర్పుకొకటి, పడమరకొకటి. పని మొదలుపెట్టేముందు ఊరు గీతకు ఎటువైపుందో చూడటం నియమమైంది. ఎవరి బొమ్మ అయినా ఇంకొకరు దూరపు మూల దగ్గర చూడందే బయటికి పోదు. ఇంజనీరు అమ్మాయే దాన్ని అమలు చేసింది. నా డ్రాయింగులు కూడా వదల్లేదు. ఒకసారి నాది కూడా పట్టుకుంది, కొంచెం సంతోషంగానే.

ఏడాది తిరిగాక, నేను రిటైరయ్యే ముందు, ఆ కంపెనీ పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి మళ్లీ డ్రోను ఎగిరింది. ఈస్టర్ అయిన కొద్దిరోజులకే. చిత్రం రాగానే అమ్మాయి నన్ను పిలిచింది. జోన్ చూసి తెరిచింది. రోడ్డు మూల దగ్గర ఆగకుండా నేరుగా తోట వైపు వెళ్లింది.

గోడ లేచింది. ముళ్లపొద అవతల, రాయి వెంట. గోడకూ చివరి వరుసకూ మధ్య బండ్ల బాట ఈ చివర ఎంత ఉందో ఆ చివరా అంతే ఉంది. తోటకు గేటు లేదు. రోడ్డు వైపు రెండు కర్రలు పాతి అడ్డంగా వెదురు కట్టినట్టుంది. సమాధులన్నీ తెల్లగా ఉన్నాయి, ఈసారి నీడల కోసం వెతికే పని లేకపోయింది. చివరి వరుసలో ఒకటి మాత్రం మిగతా వాటికంటే తెల్లగా ఉంది. దగ్గరికి తెచ్చి చూశాం. రెండుసార్లు వేసినట్టే ఉంది.

మా ఆవిడకూ ఆ ఏడు రెండుసార్లే వేశాను. ఒకటి ఆరిన తర్వాత ఒకటి.